తుపాను అంచున విమానయానము

గంటకు దాదాపు 295 కిలోమీటర్ల వేగముగల గాలులతో ఇర్మా తుపాను ప్యూర్టోరికో ద్వీపమును సమీపించుచుండగా, 2017 సెప్టెంబరు 6వ తేదీ మధ్యాహ్నమున, న్యూయార్కునుండి వచ్చిన డెల్టా సంస్థవారి బోయింగు విమానమొకటి శాన్ హువాన్ నగరమున దిగి, సుమారు 40 నిమిషములలో 173 మందిని ఎక్కించుకొని తిరిగి ఎగిరినది. ఇది దుస్సాహసమని తోచుట సహజమే గాని, నేనట్లు తలపను.

తుపాను ఆద్యంతము ఒకే తీరున నుండు మేఘరాశి కాదు. కేంద్రమును చుట్టిన దట్టపు మేఘవలయమునకును, వెలుపల సుడి తిరుగు వర్షపు పట్టీలకును నడుమ అక్కడక్కడ తెరపి యుండును. రాడారు సాయమున అట్టి తెరపిని కనిపెట్టియే ఆ విమానము వెడలినది. అప్పుడు రన్‌వేపై గాలి 24 నాట్లు, విసురు 31 నాట్లు మాత్రమే. మిక్కిలి ఎత్తున ఎగురు విమానమునకు నిలకడగా వీచు గాలి యెంత బలమైనదైనను అంతగా భయహేతువు కాదు; ఉరుము మేఘములలోని కుదుపులును, దిగు సమయమున అడ్డముగా కొట్టి, క్షణములో దిశ మార్చు గాలియునే ప్రాణాంతకములు.

అయినను ఈ యొక్క ఉదాహరణముచే ఎల్లవేళల ఎగురవచ్చునని వాదించుట తగదు. నేలపైనుండి ప్రయాణమును పర్యవేక్షించు డిస్పాచరు గాని, పైలటు గాని వలదన్నచో ఆగవలసినదే. తుపానువేళ విమానము రద్దయినచో ప్రయాణికులు కౌంటరువద్ద తగవులాడక ఆ నిర్ణయమును మన్నింతురు గాక.