ధనుర్మాసపు చలి – పాదయాత్రికులకు జాగ్రత్తలు

సూర్యభగవానుడు ధనూరాశిలో సంచరించే కాలమే ధనుర్మాసం. డిసెంబరు నడుమ మొదలై భోగితో ముగిసే ఈ మాసంలో తిరుమల శ్రీవారికి సుప్రభాతానికి బదులుగా గోదాదేవి తిరుప్పావైని వినిపిస్తారు. మానవుల సంవత్సరం దేవతలకు ఒక దినమనీ, ఉత్తరాయణం పగలు, దక్షిణాయనం రాత్రి అనీ పెద్దల మాట. ఆ లెక్కన ధనుర్మాసం దేవతల బ్రాహ్మీముహూర్తం.

నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటైన బదరీనాథ్ సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ శీతకాలంలో మంచు గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. ఆలయ ద్వారాలు దాదాపు ఆరు నెలలు తెరవరు. మన సీమలో అటువంటి మంచు లేదు, ద్వారం మూయడమూ లేదు. అందువల్లనే మనవారు చలిని తేలికగా తీసుకొని, అది ముదిరే జామునే బయలుదేరుతారు.

పగలు భూమి గ్రహించిన వేడి నిర్మలాకాశమున్న రాత్రి పైకి వెడలిపోతుంది. సూర్యోదయానికి ముందు నేల మిక్కిలి చల్లబడి, గాలిలోని తేమ పొగమంచుగా మారుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ చలి హెచ్చుతుంది. సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమలలో తిరుపతికంటే సాధారణంగా నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది.

మా వడమాలపేట మీదుగా తమిళనాడు భక్తులు పుత్తూరు దాటి కాలినడకన తిరుపతికి సాగుతుంటారు. నా చిన్ననాడు ఒక తెల్లవారుజామున, తడిపంచెతో నడచివచ్చిన ఒక వృద్ధుడు మా అరుగుపై కూలబడినాడు. ఒళ్లంతా వణుకు, మాట తడబాటు. మా అమ్మ, "ముందు తడిబట్ట మార్చుకోండి సామీ, తరువాత గోవిందా అందురు" అని పొడిపంచె, దుప్పటి, వేడిగంజి ఇచ్చినది. ప్రొద్దెక్కిన పిదప ఆయన తేరుకొని సాగిపోయినాడు. ఆనాటి భయం నాకు నేటికీ గుర్తే.

తడిబట్ట ఒంటి వేడిని త్వరగా లాగివేస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది, గుండెకు శ్రమ హెచ్చుతుంది. అలిపిరి మార్గంలో 3,550 మెట్లు ఎక్కడం దానిపై మరొక శ్రమ. కనుక గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొని, ఎండ వచ్చిన తరువాత మెల్లగా ఎక్కడం మేలు. స్నానానంతరం పొడిబట్ట కట్టుకొని, తల, చెవులు కప్పుకోవాలి. చలిలో దాహం తెలియదు గనుక నీరు త్రాగుతూ ఉండాలి. ఎక్కేటప్పుడు చెమట పట్టినా కొండపై గాలి తగలగానే వణుకు పుడుతుంది. సంచిలో ఒక శాలువ తప్పనిసరి. ఛాతీలో బరువు, ఊపిరాడకపోవడం కలిగితే అక్కడే ఆగి సహాయం కోరాలి. పొగమంచులో రహదారిపై నడిచేవారు లేతరంగు బట్టలు ధరించి, చేతిలో దీపం ఉంచుకొని, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడే వైపున వరుసగా నడవాలి.

ఈ మాసపు నైవేద్యమైన పొంగలిలో కూడ పెద్దల వివేకమున్నది. పెసరపప్పు, నెయ్యి బలాన్నిస్తాయి. మిరియాలు, అల్లం చలిపూట నోటికి, కడుపునకు హితవు.

దాతలకు ఒక విన్నపం. పగటి అన్నదానానికి చాలామంది ముందుకు వస్తారు. తెల్లవారుజామున మూడు నుండి ఆరు గంటల వరకు దారిలో ఇచ్చే వేడినీరు, పొడిపంచె, కంబళి అంతకు తక్కువ పుణ్యం కాదు.

మా మండలంలోని అప్పలాయగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి అభయహస్తంతో దర్శనమిస్తాడు. చలికి వణికే యాత్రికునికి మనం కప్పే కంబళి ఆ అభయంలో ఒక పోగు. శ్రీవారి కృప అందరిపై ప్రసరించుగాక!