చింతపండు, చిటికెడు ఉప్పు, మూడు నిమిషాలు

మా నాయనమ్మ రోజూ వేసుకున్న ఇత్తడి మురుగుల జత ఇప్పుడు నా దగ్గరుంది. ఆవిడ పోయాక పదేళ్లు పెట్టె అడుగున పడి ఉన్నాయి. బయటికి తీసేసరికి ఒళ్లంతా నల్లబడి, చెక్కడం సందుల్లో పచ్చగా కిలుము పట్టింది. ఇత్తడికి చింతపండే మందని చిన్నప్పటినుంచీ చూసిందే కదా అని పులుసు పిసికి, అందులో వేసి రాత్రంతా వదిలేశాను. తెల్లారి చూస్తే ఒక మురుగు మీద అక్కడక్కడా రాగి ఎరుపు తేలింది. ప్రాణం ఉసూరుమంది. నాయనమ్మ బిందెను చింతపండుతో తోమి వెంటనే కడిగేసేది, నానబెట్టేది కాదు. ఆ సంగతి నాకు తట్టలేదు.

ఇత్తడిలో ఉండేవి రాగి, జింకు. గాలి, చెమట తగిలి పైన నల్లటి పొర ఏర్పడుతుంది, తడి నిలిచినచోట పచ్చని కిలుము పుడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తాయి. ఉప్పు తోడైతే పని ఇంకా త్వరగా అవుతుంది. పొర పోయాక కూడా పులుపులోనే ఉంచితే లోహంలోని జింకు కరగడం మొదలవుతుంది, రాగి ఎరుపు పైకి వస్తుంది. నా మురుగుకు జరిగింది అదే.

ఇప్పుడు నేను ముందు కుంకుడు రసంతోనో, సబ్బు నీళ్లతోనో జిడ్డు వదిలిస్తాను. జిడ్డు మీద పులుపు పనిచేయదు. ఉసిరికాయంత చింతపండు అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పిసికి, చిటికెడు ఉప్పు వేసి, నగను రెండు మూడు నిమిషాలు ఉంచుతాను. దగ్గరే కూర్చుని చూస్తాను. మెత్తటి టూత్‌బ్రష్‌తో సందుల్లో రుద్ది, ధారగా నీళ్లు పోసి కడిగి, వంటసోడా కలిపిన నీళ్లలో ఒకసారి ముంచి, మళ్లీ మంచినీళ్లలో జాడిస్తాను. పాత పంచె గుడ్డతో ఒత్తి తుడిచి, ఫ్యాను కింద బాగా ఆరబెడతాను. ఆరబెట్టడంలో బద్ధకిస్తే తోమిందంతా వృథా, తడి ఉన్నచోటే కిలుము మళ్లీ మొదలవుతుంది. ఇనుప పీచు మాత్రం దగ్గరికి రానివ్వకండి, గీతలు పడతాయి.

రాళ్లు అంటించిన జుంకాలు నానబెట్టకూడదు, జిగురు వదులుతుంది. ముత్యాన్ని పులుపు తినేస్తుంది. గిల్టు నగకు పైపూత పల్చన, పులుపు పెడితే పూత పోతుంది. వాటికి తడిగుడ్డ చాలు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు మైనపు తీగలతో అచ్చు కట్టి ఇత్తడి పోసి చేసే డోక్రా నగలైతే నాకు మరీ ఇష్టం. వాటి గుంటల్లో నిలిచిన నలుపే అందం. ఉబ్బెత్తుగా ఉన్నచోట గుడ్డతో మెరిపిస్తే సరిపోతుంది, లోపలి నలుపు తోమి పాడుచేయకండి.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ల ఇత్తడి నగ ఏదైనా నల్లబడి ఉంటే పారేయొద్దు. నానబెట్టేముందు వెనకవైపు, కనిపించనిచోట, ఒక్క చుక్క పులుసు పెట్టి చూడండి.