నడకలో ఆనందం - యాత్రలో జాగ్రత్త

ప్రతి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడలోని గుణదల కొండకు లక్షలాది భక్తులు వస్తారు. కొందరు సొంత ఊరి నుండే కాలినడకన బయలుదేరుతారు. కొండపై సిలువ వరకు మెట్లెక్కి దిగినవారు "ఒళ్ళు అలసింది గాని మనసు తేలికైంది" అంటారు.

ఇందుకు కారణం ఉంది. నడిచేటప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని గుండెవైపు నెడతాయి. పనిచేసే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. దిగులు తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది. తోడుంటే మాట కలుస్తుంది. ఎమ్మాయు దారిలో దుఃఖంతో నడిచిన ఇద్దరు శిష్యులకు ఊరట దొరికింది నడకలోనే కదా!

అయితే ఒక హెచ్చరిక. చాలాకాలంగా షుగరు వ్యాధి ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గవచ్చు. ఎండకు కాలిన మెట్లపై వట్టి కాళ్ళతో నడిస్తే బొబ్బలెక్కినా తెలియదు. అదే పుండై, చీము పట్టి, చివరకు వేలో పాదమో తీసివేయవలసి రావచ్చు. మొక్కు ఉన్నాసరే, చెప్పులు విడవకండి. దేవుడు చూసేది మన హృదయాన్ని.

యాత్రకు ముందు:

1. నెల రోజుల ముందే రోజూ 10 నిమిషాలతో మొదలుపెట్టి, మెల్లగా 30 నిమిషాలకు పెంచండి.

2. గుండెజబ్బు, బి.పి., షుగరు ఉన్నవారు డాక్టరును అడిగి బయలుదేరండి. మందులు మానవద్దు.

3. నీళ్ళు, కొంచెం చక్కెర వెంట ఉంచుకోండి. చెమట, వణుకు, కళ్ళు తిరగడం ఉంటే కూర్చుని చక్కెర తినండి.

4. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆగి, సహాయం కోరండి.

5. రాత్రి పాదాలు కడిగి, తుడిచి, అరికాళ్ళు, వేళ్ళ సందులు పరీక్షించండి.

కొండ ఎక్కలేనివారు బాధపడనవసరం లేదు. ఇంటి నుండి గుడి వరకు ప్రార్థిస్తూ నడిచినా అది యాత్రే.