ఇసుకను మరిగించే విద్య

నల్లపాడు జంక్షన్ దగ్గర రైలుమార్గం రెండుగా చీలి, ఒకటి నరసరావుపేట వైపు, ఇంకొకటి నడికుడి వైపు సాగిపోతుంది. ఈ పత్తి, మిరప పల్లెల్లో కరెంటు స్తంభాల మీద ఇప్పుడు సన్నని నల్ల కేబుల్ కూడా కనిపిస్తుంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తీగ అది. లోపల ఉన్నది గాజు. మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో కిలోమీటరు ప్రయాణించాక కూడా వెలుతురులో 95 శాతం మిగిలే ఉంటుంది.

కిటికీ అద్దాన్ని అంచు నుంచి చూడండి, పచ్చగా ఉంటుంది. ఇసుకతో వచ్చిన ఇనుము వల్ల ఆ రంగు. తీగలో అంత ఇనుముంటే వెలుతురు కొద్ది మీటర్లలోనే ఆగిపోతుంది. ఇసుకను ఎంత కడిగినా కావలసిన శుద్ధి రాదు. మరిగించి ఆవిరి పడదామంటే, అది కరగడానికే 1,700 డిగ్రీల వేడి కావాలి.

ఇక్కడే క్లోరిన్ అక్కరకొస్తుంది. ఇసుక నుంచి తీసిన సిలికాన్‌ను వేడిచేసి క్లోరిన్ పంపితే సిలికాన్ టెట్రాక్లోరైడ్ తయారవుతుంది. నీళ్లలా తేటగా ఉండే ఈ ద్రవాన్ని స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1823లోనే తయారుచేశాడు. ఇది 57.6 డిగ్రీలకే మరుగుతుంది. ఇనుము క్లోరైడు మరగాలంటే 300 డిగ్రీలు దాటాలి. సన్నని సెగ మీద ఆవిరి పడితే ఇనుము అడుగునే ఉండిపోతుంది. రాయిని ద్రవం చేసి, శుభ్రపరచి, మళ్లీ రాయిని చేయడం! రసాయన శాస్త్రం సాధించిన అందమైన పనుల్లో దీన్ని ముందువరసలో పెడతాను.

తిరిగి గాజు చేసే పద్ధతుల్లో ఒకదాన్ని 1974లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ రూపొందించింది. గాజు గొట్టంలోకి ఈ ఆవిరిని, ఆక్సిజన్‌ను పంపి బయటినుంచి మంట పెడతారు. క్లోరిన్ విడిపోతుంది, శుద్ధమైన సిలికా గోడకు మసిలా అంటుకుంటుంది. నడిమి పొరల్లో జెర్మేనియం క్లోరైడు కలుపుతారు, వెలుతురు పక్కకు జారిపోకుండా. ఆ గొట్టాన్ని కడ్డీగా ముడిచి, 2,000 డిగ్రీల కొలిమిలో కరిగిస్తూ తీగ లాగుతారు. హైదరాబాద్‌లో హెచ్‌ఎఫ్‌సీఎల్ కంపెనీ ఇలాంటి తీగ లాగుతోంది.

సోలార్ పలకల సిలికాన్‌కు సిలికాన్ టెట్రాక్లోరైడ్ దగ్గరి చుట్టం ట్రైక్లోరోసిలేన్ ఆధారం. ఆ తయారీలో టెట్రాక్లోరైడ్ ఉపఉత్పత్తిగా టన్నులకొద్దీ మిగులుతుంది. గాలిలో తేమ తగిలిందంటే తెల్లగా పొగలు కక్కుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 2008లో చైనాలోని హెనాన్ రాష్ట్రంలో ఒక ఫ్యాక్టరీ దీన్ని పొలాల పక్కన పారబోస్తోందని వార్తాపత్రికలు బయటపెట్టాయి.

ఒంగోలుకు దక్షిణాన కరేడులో సోలార్ పరిశ్రమకు భూములివ్వబోమని 2025లో రైతులు ఆందోళన చేశారు. మన తీరంలో ఎక్కడైనా సోలార్ పలకల సిలికాన్ తయారీ వస్తే, టెట్రాక్లోరైడ్‌ను ఏంచేస్తారో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. దారి ఉంది: హైడ్రోజన్‌తో అధిక వేడి, పీడనాల్లో కలిపితే అది మళ్లీ ట్రైక్లోరోసిలేన్ అయి ఫ్యాక్టరీలోకే తిరిగి వెళ్తుంది.