మీకు తెలుసా? మెగాపిక్సెళ్ల కంటే సెన్సరే ముఖ్యం

ఏ4 కాగితం నిండా స్పష్టమైన ఫొటో ముద్రించడానికి సుమారు 9 మెగాపిక్సెళ్లు చాలు. తక్కువ ధరలో డిజిటల్ కెమెరా ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది వెలుతురును పట్టే సెన్సర్ పరిమాణం. చిన్న కాంపాక్ట్ కెమెరాల్లో దాని వైశాల్యం సాధారణంగా 28 చదరపు మిల్లీమీటర్లే. ఏపీఎస్-సీ అనే పెద్ద సెన్సర్ రకంలో 330 నుంచి 370 దాకా ఉంటుంది. మసక వెలుతురులో తీసిన ఫొటోల్లో నాయిస్ (చుక్కచుక్కల మచ్చలు) తగ్గేది ప్రధానంగా ఈ తేడా వల్లే. జూమ్‌లో ఆప్టికల్ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి; డిజిటల్ జూమ్ బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తుందంతే. చిన్న సెన్సర్ ఉన్న కొత్త కెమెరా కంటే, 2018లో వచ్చిన నికాన్ డీ3500 వంటి ఏపీఎస్-సీ డీఎస్‌ఎల్‌ఆర్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనడం చాలాసార్లు మేలు. అయితే షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో, లెన్సుకు బూజు పట్టిందేమో తప్పక చూడాలి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో ఆ బెడద ఎక్కువ.