జికామా సాగు: తినే మొక్కలు వేరు, విత్తనం మొక్కలు వేరు



ఈసారి వీడియోలో చూపిస్తున్నది జికామా గడ్డ. తొక్క ఒలిచి పచ్చిగానే తినొచ్చు. కొరికితే కరకరలాడుతుంది, లోపల నీళ్లు తియ్యగా ఉంటాయి. చూడ్డానికి పెద్ద టర్నిప్‌లా ఉంటుంది కానీ ఇది ముల్లంగి జాతి కాదు. చిక్కుడు, అలసంద లాగా పప్పుజాతి తీగ. గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల్లో పట్టి నేలకిచ్చే మొక్క.

దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. స్పెయిన్ వాళ్ల ఓడల మీద ఫిలిప్పీన్స్ చేరి, అక్కణ్నుంచి ఆసియాలో పాకింది. మన దేశానికీ ఇది కొత్త కాదు. బెంగాల్‌లో శాంఖ్ ఆలు అంటారు, సరస్వతీ పూజ ప్రసాదంలో పెడతారు. హిందీలో మిశ్రీకంద్, మన పక్కనున్న ఒడిశాలో శంఖసారు. బీహార్‌లోని రాజేంద్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి రాజేంద్ర మిశ్రీకంద్-1 అనే రకం కూడా వచ్చింది. అంటే ఉష్ణమండలపు వేడికి, మన వానాకాలానికి బాగా సరిపోయే పంటే.

ఈ పంటని నాటు విత్తనంతో మొదలుపెట్టి, ఏటేటా మన విత్తనం మనమే కట్టుకోవాలంటే రెండు సంగతులు ముందే తెలియాలి. ఒకటి, ఈ మొక్కలో గడ్డకీ గింజకీ పోటీ ఉంటుంది. రెండు, గడ్డ తిండి, గింజ విషం.

ఎప్పుడు వేయాలి?

జికామాకి పగటి పొద్దు లెక్క ఉంటుంది. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లు తీగ సాగుతుంది. పొద్దు తగ్గేకొద్దీ పూత వస్తుంది, గడ్డ ఊరుతుంది. అందుకే మృగశిర, ఆరుద్ర కార్తెల్లో గింజ వేస్తే తీగ బాగా బలిసి, చలికాలానికి పెద్ద గడ్డ దిగుతుంది. పుబ్బ కార్తె దాకా వేసుకోవచ్చు, కానీ ఆలస్యమయ్యేకొద్దీ తీగా చిన్నదే, గడ్డా చిన్నదే. విత్తనం కోసం పెంచే మొక్కల్ని మాత్రం ఆషాఢం దాటనివ్వకండి. కాయ పండి ఎండడానికి చాలా టైమ్ పడుతుంది.

నేల, విత్తడం

ఇసుక కలిసిన ఎర్రనేల దీనికి బాగా ఇష్టం. నల్లరేగడిలో అయితే ఎత్తు మడి లేదా బోదె కట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. నీళ్లు నిలిచాయంటే గడ్డ కుళ్లిపోతుంది. కుండీలో, గ్రో బ్యాగ్‌లో అయితే కనీసం అడుగు లోతు ఉండాలి, ఒక్కోదానిలో ఒక్క మొక్కే.

గింజలు రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. బీజామృతం వాడేవాళ్లు ఇందులో నానబెట్టకండి. పప్పుజాతి గింజ పొర పల్చన, ఒకసారి ముంచి తీసి నీడలో ఆరబెడితే చాలు. నేరుగా మడిలోనే అంగుళం లోతున వేయండి. నారు పోసి నాటితే తల్లివేరు దెబ్బతిని గడ్డ వంకర్లు పోతుంది. ఇంటితోటలో మొక్కకీ మొక్కకీ జానెడు, వరసకీ వరసకీ రెండు జానలు ఉంచితే బాగుంటుంది. వెచ్చగా ఉంటే వారం, పది రోజుల్లో మొలుస్తాయి.

తర్వాత ఆకులతో ఆచ్ఛాదన, పదిహేను రోజులకోసారి పల్చని జీవామృతం చాలు. నత్రజని ఎరువు దండిగా వేస్తే తీగ మాత్రమే పెరుగుతుంది. తడి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. బాగా ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు పెడితే గడ్డ పగులుతుంది.

గడ్డ కావాలంటే పూలు గిల్లాలి

నీలం, తెలుపు పూలగుత్తులు చూస్తే తుంచబుద్ధి కాదు. కానీ మొక్క చేసుకునే ఆహారం అంతా కాయల్లోకి పోతే కింద గడ్డకి మిగలదు. బీహార్, బెంగాల్ రైతులు పూగుత్తుల్ని ఎప్పటికప్పుడు తీసేస్తారు. దిగుబడిలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మొగ్గగా ఉన్నప్పుడే వేలితో గిల్లేయాలి, వారానికి రెండుసార్లు చూసుకోవాలి.

అందుకే మొదటి రోజే మొక్కల్ని పంచండి. ఇరవై మొక్కలుంటే పద్నాలుగు తినడానికి, ఆరు విత్తనానికి. విత్తనం మొక్కల్ని మడి చివర ఒకవైపు పెట్టి, పందిరి వేసి, గుడ్డపీలిక కట్టి గుర్తుపెట్టండి. లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు తెలియక అన్ని పూలూ గిల్లేస్తారు.

తినే మొక్కల్ని నాలుగు, ఐదు నెలల్లో తవ్వొచ్చు. మరీ ముదరనిస్తే పీచు పడుతుంది. గడ్డని కోయకుండా ఫ్రిజ్‌లో పెట్టకండి. 12 డిగ్రీల కంటే తక్కువ చలి దీనికి పడదు, లోపల రంగు మారి పాడవుతుంది. గాలి ఆడే పొడి గదిలో కొన్ని వారాలు నిలవ ఉంటుంది. కోసిన ముక్కలు మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టుకోవాలి. నిమ్మరసం, ఉప్పు, కారం చల్లుకు తినడం మెక్సికో అలవాటు, మన నోటికీ బాగా నచ్చుతుంది. గడ్డలో దాదాపు 90 శాతం నీరే. ఇనులిన్ అనే పీచు పదార్థం ఉంటుంది, 100 గ్రాములకి సుమారు 38 కేలరీలు మాత్రమే.

విత్తనం ఎంపిక: పైన కాయ, కింద గడ్డ

టమాటా, వంగలో మంచి కాయ చూసి విత్తనం తీస్తాం. ఇక్కడ మనకి కావాల్సిన గుణం నేలలో దాక్కుని ఉంటుంది. కాయలు ఎన్ని కాసినా, కింద గడ్డ చీలికలై ఉంటే ఆ విత్తనం మనకి అక్కర్లేదు.

దీనికి ఉపాయం సులువే. ఆరు మొక్కలకీ నంబర్లు ఇవ్వండి. కాయలు మొక్క మీదే ఎండి గోధుమరంగు తిరిగాక, ఏ మొక్క కాయలు ఆ సంచిలోనే వేయండి. తర్వాత ఆ మొక్కల్ని తవ్వండి. విత్తనం మొక్క గడ్డ చిన్నగా, పీచుగా ఉంటుంది, దాని గురించి దిగులు వద్దు. ఆకారం చూడండి. గుండ్రంగా ఒకే గడ్డగా ఊరిన మొక్కల సంచులు ఉంచి, చీలినవి, వంకరవి పక్కన పెట్టేయండి. ఒక్క మొక్క మీదే ఆధారపడకుండా రెండు, మూడు మొక్కల గింజ కలిపి దాస్తే మంచిది. పువ్వు ఎక్కువగా తనలో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది. తేనెటీగల వల్ల కొంత కలుస్తుంది కాబట్టి, తోటలో ఒకే రకం ఉంచుకుంటే చిక్కు ఉండదు.

గింజలు పలకలుగా, గోధుమ రంగులో ఉంటాయి, ఒక్కో కాయలో ఎనిమిది, పది. నీడలో బాగా ఆరబెట్టి, బూడిద కలిపి, గాజు సీసాలో మూత బిగించి పెట్టండి.

విషం మాట

జికామా గింజల్లో, ముదురు కాయల్లో, ఆకుల్లో రోటెనోన్ అనే విషం ఉంటుంది. గింజల్లో ఎక్కువ. చూడ్డానికి చిక్కుడు గింజల్లాగే ఉంటాయి, ప్రమాదం అక్కడే ఉంది. తైవాన్, థాయ్‌లాండ్‌లలో ఈ గింజలు వండుకు తిని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. ఉడికిస్తే విషం పోతుందని అనుకోవద్దు. సీసాని వంటింట్లో, పప్పుల పక్కన అసలు పెట్టకండి, పిల్లలకి అందనివ్వకండి. ఎవరైనా తింటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, గింజ కూడా పట్టుకెళ్లి చూపించండి.

తీగని మేకలకి, పశువులకి వేయొద్దు. చేపల చెరువు గట్టున సాగు చేసేవాళ్లు మరీ జాగ్రత్త. రోటెనోన్ చేపల్ని ఇట్టే చంపుతుంది, తీగ, కాయలు నీళ్లలో పడకూడదు. ఎండబెట్టి కంపోస్టులో వేసుకోండి.

ఇంకో మాట. గింజలు నూరి కషాయం చేసి పురుగుకి కొట్టొచ్చు కదా అని కొందరికి ఆలోచన వస్తుంది. పురుగు చస్తుంది, నిజమే. కానీ రోటెనోన్ వాడకానికీ పార్కిన్సన్స్ అనే నరాల జబ్బుకీ సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. మొక్క నుంచి వచ్చిందంతా మంచిదే అనుకోవడం ప్రకృతి వ్యవసాయం కాదు. మనకి నీమాస్త్రం ఉంది, దానితో సరిపెట్టుకుందాం.

విత్తనం పంచుకోవడం మన పద్ధతి, పంచండి. అయితే ప్రతి పొట్లం మీద పేరు, పండించిన సంవత్సరంతో పాటు ఈ ఒక్క ముక్కా పెద్ద అక్షరాలతో రాయండి: గడ్డ మాత్రమే తినాలి, గింజ విషం.