వెనక చక్రాలు ముందు చక్రాలను అందుకునే క్షణం

హైదరాబాదు పాఠకుడొకరు పంపిన ప్రశ్న ఇది. లగ్జరీ సెడాన్ కొందామని ఆయన రెండు షోరూములకు వెళ్లారు. రెండు కార్ల బరువూ పొడవూ ఇంచుమించు ఒకటే, ధరలోనూ పెద్ద తేడా లేదు. షోరూము చుట్టూ ఉన్న వీధుల్లో నడిపి చూస్తే రెండూ మెత్తగానే అనిపించాయి. కుటుంబంతో సహా రెండింటినీ మళ్లీ ఊరి బయటికి తీసుకెళ్లినప్పుడే అసలు తేడా తెలిసింది. ఒక కారులో వెనక సీట్లో కూర్చున్న వాళ్లమ్మగారు కాసేపటికే మెడ లాగుతోందని, తల తిప్పుతోందని అన్నారు. రెండో కారులో అదే దారిన వెళ్తే ఆవిడకు ఏ ఇబ్బందీ కలగలేదు. "రెండూ మెత్తటి కార్లే కదండీ, మరి తేడా ఎక్కడుంది?" అని అడిగారు. ఆ కార్ల పేర్లు ఆయన రాయలేదు. జవాబుకు వాటి అవసరం కూడా లేదు.

మెత్తదనం సంగతి రెండు మాటల్లో ముగిద్దాం. స్ప్రింగు మీద నిలబెట్టిన బరువును ఒకసారి కదిపితే ఊగుతుంది. ఎంత వేగంగా ఊగుతుందన్నది స్ప్రింగు గట్టిదనాన్నీ, అది మోసే బరువునూ బట్టి ఉంటుంది. సెకనుకు ఒక్కసారి ఊగే స్ప్రింగు కారు బరువుకు 25 సెంటీమీటర్లు కుంగుతుంది. సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగేదైతే 11 సెంటీమీటర్లే కుంగుతుంది. సుఖంగా నడవాలని తయారుచేసిన పెద్ద కార్లు సాధారణంగా ఈ రెండింటి మధ్య ఉంటాయి. మొదలైన ఊపును ఆర్పేయడం షాక్ అబ్జార్బర్ పని. ఇదంతా ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చదివినవాళ్లకు తెలిసిందే.

అయితే కారుకు ముందు ఒక జత స్ప్రింగులు, వెనక ఒక జత స్ప్రింగులు ఉంటాయి. రోడ్డు మీది గతుకు ఆ రెండు జతలకూ ఒకేసారి తగలదు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 3.1 మీటర్లున్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకోండి. ముందు చక్రాలు ఎక్కిన గతుకును వెనక చక్రాలు 0.14 సెకను తర్వాత ఎక్కుతాయి. అప్పటికే కారు ముందు భాగం ఊగడం మొదలైంది, వెనక భాగం ఇప్పుడు మొదలవుతోంది. రెండు స్ప్రింగులూ ఒకే వేగంతో ఊగేవైతే ఈ ఎడం చివరిదాకా అలాగే ఉండిపోతుంది. ముందు స్ప్రింగు గట్టిదై, వెనకది మెత్తదైతే ఎడం ఇంకా పెరుగుతుంది. ముందు సెకనుకు 1.3 సార్లు, వెనక 1.1 సార్లు ఊగుతుంటే, ముందు భాగం రెండు ఊపులు పూర్తిచేసేసరికి వెనక భాగం దాదాపు అరఊపు వెనకబడి ఉంటుంది. అంటే ముక్కు లేచినప్పుడు తోక దిగుతుంది, తోక లేచినప్పుడు ముక్కు దిగుతుంది. ఇదే తూగు.

ఇప్పుడు ఆ అంకెలను తారుమారు చేయండి. ముందు 1.1, వెనక 1.3. వెనక భాగం ఆలస్యంగా మొదలైనా వేగంగా ఊగుతుంది కాబట్టి ఎడం తగ్గుతూ వస్తుంది. పొడుగు తాళ్ల ఉయ్యాల ఊగడం మొదలయ్యాక, పక్కనున్న పొట్టి తాళ్ల ఉయ్యాలను కాసేపాగి తోసినా కొన్ని ఊపుల్లో అది దీన్ని అందుకుంటుంది కదా, అలాగే. లెక్క కట్టి చూస్తే, ముందు చక్రాలు గతుకు ఎక్కిన 0.9 సెకనుకు, అంటే ముందు భాగం సరిగ్గా ఒక ఊపు పూర్తిచేసేసరికి, వెనక భాగం దాన్ని అందుకుంటుంది. ఆ క్షణం దగ్గర కారు ముక్కూ తోకా కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. తూగు పోయి, కారు అంతా ఒక్క పలకలా పైకీ కిందికీ కదలడమే మిగులుతుంది. మళ్లీ ఎడం పెరిగేలోపే షాక్ అబ్జార్బర్ దాన్ని కూడా ఆర్పేస్తుంది. ఆలస్యాన్ని తప్పించలేమని ఒప్పుకుని, ఆ ఆలస్యానికి సరిపడేలా రెండు స్ప్రింగుల మధ్య తేడా పెట్టడం! మోటారు వాహనాల ఇంజనీరింగులో ఇంతకన్నా అందమైన ఆలోచన నాకు కనిపించలేదు.

తూగే ఎందుకంత బాధ పెడుతుంది? నిలువుగా కదిలే కుదుపుల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవాటిని మన శరీరం బొత్తిగా భరించలేదు. సెకనుకు ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ కదలడమైతే దానికి నడకలో రోజూ అలవాటే. ఇంగ్లండులో కార్ల తొలినాళ్లలోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ తన కార్ల స్ప్రింగులను మనిషి నడక లయకు దగ్గరగా ఉండేలా ఎంచుకోవడం ఇందుకే. అడ్డంగా వచ్చే ఊపుల విషయంలో మాత్రం ఇది తలకిందులవుతుంది. తలను ముందుకూ వెనక్కూ ఊపేవాటిలో సెకనుకు ఒకటి రెండుసార్లు వచ్చేవే శరీరానికి అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది. తూగు చేసే పని సరిగ్గా అదే. కారు ఒక్క డిగ్రీ తూగినా, తూగే కేంద్రానికి 80 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న తల దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు ముందుకు పోయి వెనక్కి వస్తుంది. అలా వెళ్లిన ప్రతిసారీ దాన్ని నిలబెట్టడానికి మెడ కండరాలు బిగుసుకోవాలి. వెనక సీటు కారు మధ్యభాగానికి దూరంగా, వెనక ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కనుక అక్కడ కూర్చున్నవాళ్లకు ఈ ఊపుతో పాటు పైకీ కిందికీ ఎత్తేయడం కూడా తప్పదు. ఆ అమ్మగారి మెడ నొప్పికి ఇంతకన్నా దగ్గరి కారణం నాకు తోచడం లేదు.

ఇంత సులువైన లెక్కను చాలా ఏళ్లపాటు కార్లు తయారుచేసేవాళ్లలో చాలామంది తలకిందులుగా పెట్టారు. 1930 నాటి అమెరికా కార్లలో ముందు స్ప్రింగులే గట్టివి, వెనకవి మెత్తవి. దానికీ ఒక కారణం ఉంది. రెండు ముందు చక్రాలనూ ఒకే కడ్డీ ఇరుసు కలుపుతున్నప్పుడు దాని మీద మెత్తటి స్ప్రింగులు పెడితే చక్రాలు అదిరిపోయి స్టీరింగు చేతిలో నిలవదు. అందుకని ముందు వైపు బిగించేశారు. అది అదురుకు మందే కానీ, ప్రయాణికుడి మెడకు శిక్ష.  వెనకవైపు మెత్తదనమే అతణ్ని తూగిస్తోందని ఎవరికీ తట్టలేదు.

తట్టింది మారిస్ ఓలీకి. రోల్స్ రాయిస్‌లో పనిచేసిన ఈ బ్రిటిష్ ఇంజనీరు 1930లో అమెరికాలోని కాడిలాక్‌కు వచ్చాడు. 1932లో అక్కడ ఒక విచిత్రమైన వాహనం కట్టాడు. ఏడుగురు కూర్చునే పెద్ద లిమూజీన్‌కు ముందూ వెనకా బరువులు తగిలించే ఏర్పాటు చేసి, ఆ బరువులను ఇటూ అటూ జరిపితే కారు మొత్తం బరువు మారకుండానే దాని జడత్వ భ్రామకం మారేలా చేశాడు. స్ప్రింగులనూ మార్చుకోవచ్చు. దీనికి కే-స్క్వేర్డ్ రిగ్ అని పేరు. మంచి ప్రయాణమంటే ఏమిటో కొలిచే పరికరం అప్పట్లో లేదు. ఓలీ బృందం చేతిలో ఉన్నది తమ ఒళ్లే. అయితే ఒకే రోజులో బరువులూ స్ప్రింగులూ ఎన్నోసార్లు మార్చి మార్చి నడిపేవారు కాబట్టి, ముందు నడిపినప్పటి అనుభూతి ఒంట్లో ఇంకా తాజాగా ఉండగానే తర్వాతి దానితో పోల్చుకోగలిగేవారు. అలా పోల్చుతూ పోతే తేలిందేమిటంటే, ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా మెత్తగా ఉన్నప్పుడే కారు తూగడం మానేస్తుంది. అయితే కడ్డీ ఇరుసుతో అది కుదరదు. కాబట్టి ముందు చక్రాలు దేనికది విడిగా కదలాలి.

1933లో కాడిలాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్ పెద్దలు ఈ ప్రయోగపు కార్లలో కూర్చుని రోడ్డు మీదికి వెళ్లారు. ఆల్‌ఫ్రెడ్ స్లోన్, చార్లెస్ కెటరింగ్ వంటివాళ్లు వారిలో ఉన్నారు. అప్పుడు దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉంది. కొత్త సస్పెన్షన్‌కు కొత్త యంత్రాలు కావాలి, ఖర్చు భారీగా అవుతుంది. అయినా ఒకసారి కూర్చుని చూశాక ఒప్పుకోకుండా ఉండలేకపోయారు. 1934 నమూనాల్లో ఆ సస్పెన్షన్ వచ్చేసింది. కార్ల చరిత్రలో అంత గొప్ప టెస్ట్ డ్రైవ్ ఇంకొకటి లేదంటాను. అదే ఏడాది వచ్చిన క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో సగం జవాబు మాత్రమే పట్టుకుంది. ఇంజన్ను ముందు ఇరుసు మీదికి జరిపి, ప్రయాణికులను ఇరుసుల మధ్యకు తెచ్చి తూగును బాగా తగ్గించింది. కానీ ఆకారం జనానికి నచ్చక అమ్ముడుపోలేదు. ఆ కారుకు జరిగింది అన్యాయం.

ఆ తర్వాతి అధ్యాయాలు చాలానే ఉన్నాయి. 1955లో సిట్రోయెన్ డీఎస్ ఉక్కు స్ప్రింగు బదులు వాయువునూ నూనెనూ వాడింది. 2004లో అమర్ బోస్ సంస్థ ప్రతి చక్రానికీ ఒక విద్యుత్ మోటారు పెట్టి, గతుకుల మీద చదునుగా సాగిపోయే కారును చూపించింది. బరువూ ఖరీదూ ఎక్కువై అది మార్కెట్టుకు రాలేదు. 2013లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ ముందున్న రోడ్డును కెమెరాతో చదివి, చక్రం గతుకు ఎక్కేలోపే సస్పెన్షన్‌ను సిద్ధం చేయడం నేర్చుకుంది. ఇవన్నీ గొప్పవే. కానీ మామూలు స్ప్రింగుల మీద నడిచే నేటి సెడాన్లకు ఇప్పటికీ దారి చూపేది ఓలీ లెక్కే.

ఇక టెస్ట్ డ్రైవ్ సంగతి. పైన చెప్పిన కారునే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో నడిపి లెక్క కట్టండి. ముందూ వెనకా చక్రాల మధ్య ఆలస్యం 0.45 సెకను. వెనక భాగం ముందు భాగాన్ని అందుకోవాలంటే 2.9 సెకన్లు పడుతుంది. అప్పటికి షాక్ అబ్జార్బర్లు ఊపునంతా ఎప్పుడో ఆర్పేసి ఉంటాయి. కాబట్టి షోరూము వీధుల్లో మంచి స్ప్రింగు జతకూ చెడ్డ జతకూ పెద్ద తేడా తెలియదు. అక్కడ మీ ఒంటికి తెలిసేది టైర్ల గట్టిదనం, సీటులోని ఫోము మాత్రమే. జనం వాటిని చూసి కోటికి దగ్గరైన కారును ఎంచుకుంటున్నారు.

హైదరాబాదులో ఉన్నవాళ్లకు మంచి ప్రయోగశాల చేరువలోనే ఉంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పూర్తిగా స్తంభాల మీద కట్టినది. కాంక్రీటు పలకలు కలిసే ప్రతి జాయింటూ కారుకు ఒక్క చిన్న కుదుపునిస్తుంది. ముందు చక్రాల టక్కు, వెంటనే వెనక చక్రాల టక్కు. వేగ పరిమితి దాటకుండా, ఒకే వేగంతో, ఒకే రోజున రెండు కార్లనూ అక్కడ నడపండి. వారం తర్వాత రెండో కారు ఎక్కితే మొదటిది ఒంటికి గుర్తుండదు. ఓలీ ఒకే రోజులో మార్చి మార్చి నడిపింది అందుకే. మీరు స్టీరింగు ఎవరికైనా ఇచ్చి వెనక సీట్లో కూర్చోండి. వీపు ఆనించి, తల మాత్రం సీటుకు ఆనించకుండా ఉంచండి. రెండో టక్కు తర్వాత ఒక సెకను పాటు మీ తల ఏం చేస్తోందో గమనించండి. పైకీ కిందికీ కదిలి ఆగిపోతే మంచి కారు. ముందుకూ వెనక్కూ ఊగితే వదిలేయండి. బయల్దేరే ముందు రెండు కార్ల టైర్లలోనూ తలుపు పక్కన అంటించిన చీటీలో రాసినంత గాలే ఉందో లేదో చూడండి. గాలి ఎక్కువైతే ఈ పోలికకు అర్థం ఉండదు.

2024లో మన దేశంలోకి వచ్చిన బీఎమ్‌డబ్ల్యూ 5 సిరీస్ వీల్‌బేస్ 3,105 మిల్లీమీటర్లు, మెర్సిడెస్ బెంజ్ ఈ-క్లాస్‌ది 3,094. రెండూ మామూలు నమూనాలకన్నా పది సెంటీమీటర్లకు పైగా పొడవు. ప్రకటనలన్నీ ఈ పొడవును కాళ్లు చాపుకునే జాగాగా అమ్ముతున్నాయి. వీల్‌బేస్ పెరిగితే అదే గతుకుకు తూగే కోణం కాస్త తగ్గే మాట నిజమే. కానీ వెనక చక్రాల ఆలస్యం కూడా పెరుగుతుంది, దానికి తగ్గట్టు స్ప్రింగులను మళ్లీ సరిచేయాలి. ఆ పని ఎవరు ఎంత బాగా చేశారో తెలియాలంటే ముందు స్ప్రింగులు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతాయో, వెనకవి ఎన్నిసార్లు ఊగుతాయో చెప్పే రెండు అంకెలు చాలు. కారు కట్టే ప్రతి కంపెనీ దగ్గరా అవి ఉంటాయి. స్పీకర్లు ఎన్నో, లైట్ల రంగులు ఎన్నో, సన్‌రూఫ్ ఎంత వెడల్పో వరసగా అచ్చువేసే బ్రోచరులో ఆ రెండు అంకెలకు చోటు లేకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. షోరూముకు వెళ్లినవాళ్లు వాటిని అడగడం మొదలుపెట్టాలి.